రోడ్ బైకుకు చక్రాలు కట్టించుకుంటున్నారా? హబ్ ఇలా ఎంచుకోండి

రెడీమేడ్ చక్రాల జత కొనడం వేరు. హబ్ (చక్రం నడిమిన ఇరుసు చుట్టూ తిరిగే భాగం), రిమ్ (టైరు ఎక్కే బయటి వలయం), స్పోకులు (ఆ రెంటినీ కలిపే పుల్లలు) విడివిడిగా తెప్పించి, మన బరువుకూ మన రోడ్లకూ తగ్గట్టు కట్టించుకోవడం వేరు. ఈ రెండో దారిలో వెళ్ళేవాళ్ళు ఎక్కువగా రిమ్ గురించే ఆలోచిస్తారు. లోతెంత, కార్బనా అల్యూమినియమా అని వారాల తరబడి వెతుకుతారు. హబ్ దగ్గరికొచ్చేసరికి రంగు నచ్చిందనో, చప్పుడు బాగుందనో, ఇరవై గ్రాములు తక్కువనో తేల్చేస్తారు.

నిజానికి చక్రంలో అన్నిటికన్నా ఎక్కువ కాలం మిగిలేది హబ్బే. రిమ్ బ్రేకు బండిలో రిమ్ అరిగిపోతుంది. గుంతలో పడితే ఏ రిమ్మయినా సొట్టపోతుంది. స్పోకులు తెగుతాయి. అవన్నీ మార్చి అదే హబ్ మీద రెండోసారి, మూడోసారి కూడా చక్రం కట్టొచ్చు. కాబట్టి హబ్ విషయంలో మొదట చూడాల్సింది అది మీ ఫ్రేముకూ, క్యాసెట్‌కూ (వెనక చక్రం మీది గేరు పళ్ళ చక్రాల గుత్తి) సరిపోతుందా అన్నది. ఆ తర్వాత చూడాల్సింది దాని కొలతలు గట్టి చక్రానికి వీలిస్తాయా, నాలుగేళ్ళకు బేరింగు పోతే దొరుకుతుందా అన్నది. బరువు చివర్న చూసుకోండి. హబ్ బరువు ఇరుసు దగ్గరే తిరుగుతుంది. రిమ్ అంచున 50 గ్రాములు తగ్గితే బండి ఊపందుకోవడంలో కాస్తయినా తేడా ఉంటుంది. హబ్‌లో తగ్గే 50 గ్రాములు మీ నీళ్ళ సీసాలో తగ్గినట్టే.

ముందు ఫ్రేమును కొలవండి

చక్రం విప్పి, డ్రాపౌట్ల (ఫ్రేములో ఇరుసు చివర్లు కూర్చునే కొసలు) లోపలి అంచుల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో కొలవండి. స్కేలుతో కొలిస్తే 130కీ 135కీ మధ్య పొరబడతారు.

రిమ్ బ్రేకు రోడ్ బైకుల్లో ముందు 100 మి.మీ., వెనక 130 మి.మీ. ఉంటుంది, ముందూ వెనకా క్విక్ రిలీజ్ (మీట తిప్పి చక్రాన్ని బిగించే సన్నని కడ్డీ). డిస్క్ బ్రేకు రోడ్ బైకుల్లో ఇప్పుడు స్థిరపడిన కొలత ముందు 12×100, వెనక 12×142 థ్రూ యాక్సిల్ (ఫ్రేములోకి మరతో బిగిసే లావు ఇరుసు; మొదటి అంకె దాని వ్యాసం, రెండోది హబ్ వెడల్పు). డిస్కులు కొత్తగా వచ్చిన రోజుల్లోని బళ్ళలో వెనక 135 మి.మీ. క్విక్ రిలీజ్, ముందు 15×100 థ్రూ యాక్సిల్ కూడా కనిపిస్తాయి. 142 హబ్‌లో రెండు చివర్లూ డ్రాపౌట్ గూడులోకి చెరో మూడున్నర మి.మీ. కూర్చుంటాయి. అందుకని అలాంటి ఫ్రేములో డ్రాపౌట్ల పైపై అంచుల మధ్య కొలిస్తే 135 అని వస్తుంది. గూడు లోపలి గోడల మధ్య కొలవాలి. ఈ ఒక్క పొరపాటుతో 135 హబ్ ఆర్డరు పెట్టేసేవాళ్ళున్నారు.

థ్రూ యాక్సిల్ మర పిచ్ ఒక్కో ఫ్రేముకు ఒక్కోలా ఉంటుంది: 1.0, 1.5, 1.75 మి.మీ. దీనికీ హబ్‌కూ సంబంధం లేదు. మీ ఫ్రేముతో వచ్చిన యాక్సిలే కొత్త హబ్‌లోనూ దూరుతుంది. హబ్ కొనేటప్పుడు అడగాల్సింది ఎండ్ క్యాపుల గురించి. మంచి హబ్‌లలో చివరి క్యాపులు మారిస్తే చాలు, 12 మి.మీ. యాక్సిల్ నుంచి క్విక్ రిలీజ్‌కు మారిపోవచ్చు. రేపు ఫ్రేము మార్చినా చక్రం పనికొస్తుంది.

పాత స్టీలు ఫ్రేములో వెనక 126 మి.మీ. వచ్చిందంటే అది ఆరు, ఏడు గేర్ల కాలం నాటిది. స్టీలు కాబట్టి తెలిసిన పనివాడి చేత 130కి వెడల్పు చేయించుకోవచ్చు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములను మాత్రం ఎప్పుడూ అలా వంచకూడదు, పగులుతాయి.

ఇంకో సంగతి. మన దగ్గర అమ్మే తక్కువ ధర హైబ్రిడ్, రోడ్ బైకుల్లో చాలావాటికి వెనక ఫ్రీవీలు హబ్ ఉంటుంది, అంటే పళ్ళ చక్రాల గుత్తి మర మీద బిగుస్తుంది. ఆ హబ్‌లో కుడివైపు బేరింగు గోళీలు ఫ్రీవీలుకు లోపలి పక్కన, డ్రాపౌట్‌కు దూరంగా ఉంటాయి. బరువు పడే చోటికీ ఆనే చోటికీ మధ్య ఇరుసు ముక్క ఒంటరిగా మిగులుతుంది, అందుకే వంగుతుంది, విరుగుతుంది. కొత్త చక్రం కట్టిస్తున్నారంటే ఫ్రీహబ్ ఉన్న (క్యాసెట్ గాళ్ళ మీద ఎక్కే) హబ్బే తీసుకోండి. ఫ్రీవీలు హబ్ మీద మంచి రిమ్ పెట్టడం డబ్బు దండగ.

క్యాసెట్ ఏది? ఫ్రీహబ్ బాడీ అదే కావాలి

వెనక హబ్‌కు కుడివైపున గాళ్ళు పడి, క్యాసెట్ ఎక్కే స్థూపాన్ని ఫ్రీహబ్ బాడీ అంటారు. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

షిమానో పద్ధతిని హెచ్‌జీ అంటారు. అందులో 8, 9, 10 గేర్ల రోడ్ బాడీ ఒక పొడవు, 11 గేర్ల రోడ్ బాడీ అంతకన్నా 1.85 మి.మీ. ఎక్కువ పొడవు. కొత్తగా కొనేవాళ్ళు 11 గేర్ల పొడవే తీసుకోవాలి, ఎందుకంటే చిన్న క్యాసెట్ దాని మీద ఎక్కుతుంది, పొడవు క్యాసెట్ పాత బాడీ మీద ఎక్కదు. 10 గేర్ల క్యాసెట్ వాడుతుంటే వెనకాల 1.85 మి.మీ. స్పేసరు (ఖాళీని పూరించే రింగు) వేయాలి. చాలా 10 గేర్ల షిమానో క్యాసెట్ల డబ్బాలో 1 మి.మీ. వాషరు ఒకటి విడిగా వస్తుంది, దాన్ని కూడా వేయాలి. స్పేసరు మరిచిపోతే లాక్‌రింగ్ (క్యాసెట్‌ను పట్టి ఉంచే మర రింగు) బిగిసినట్టే ఉంటుంది గానీ క్యాసెట్ చేతికి కదులుతుంది, గేర్లు ఎంత సరిచేసినా కుదరవు. షిమానో 11-34 హెచ్‌జీ800 క్యాసెట్‌కు కూడా 11 గేర్ల రోడ్ బాడీ మీద ఇదే 1.85 స్పేసరు కావాలి.

షిమానో 12 గేర్ల రోడ్ క్యాసెట్లు, అంటే ఇప్పటి 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్‌వి, మామూలు 11 గేర్ల హెచ్‌జీ బాడీ మీద ఎక్కుతాయి. అయితే షిమానో 12 గేర్లకు మాత్రమేనని చేసిన కొత్త రకం గాళ్ళ (స్ప్లైన్) బాడీలు కొన్ని ఉన్నాయి. వాటి మీద 11 గేర్ల క్యాసెట్ ఎక్కదు. ముందు ముందు రెండూ వాడే ఆలోచన ఉంటే మామూలు హెచ్‌జీ బాడీయే మేలు.

శ్రామ్ ఏఎక్స్‌ఎస్ రోడ్ గేర్లలో 10 పళ్ళతో మొదలయ్యే 10-28, 10-33, 10-36 క్యాసెట్లకు ఎక్స్‌డీఆర్ బాడీ కావాలి. మౌంటెన్ బైకుల ఎక్స్‌డీ కన్నా ఇది 1.85 మి.మీ. పొడవు. స్పేసరు వేసి ఎక్స్‌డీ క్యాసెట్‌ను ఎక్స్‌డీఆర్ మీద పెట్టొచ్చు, తిరగేసి కుదరదు. కాంపాన్యోలో వారిది పూర్తిగా వేరే గాడి. వారి 13 గేర్ల ఏకార్ కోసం వచ్చిన ఎన్3డబ్ల్యూ బాడీ పొట్టిది, దాని మీద పాత 11, 12 గేర్ల క్యాసెట్లు ఎక్కాలంటే అడాప్టరు కావాలి.

ఫ్రీహబ్ బాడీ విడిగా దొరికే హబ్‌నే కొనండి. ఇవాళ షిమానో, రేపు శ్రామ్‌కు మారితే బాడీ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. దొరకని హబ్ అయితే చక్రమే మార్చాల్సివస్తుంది.

డిస్క్ ఎలా బిగుస్తుంది?

సెంటర్ లాక్‌లో గాళ్ళ మీద డిస్క్ ఎక్కించి ఒకే లాక్‌రింగ్‌తో 40 న్యూటన్ మీటర్లకు బిగిస్తారు. రెండో పద్ధతిలో ఆరు టీ25 బోల్టులు. సెంటర్ లాక్ హబ్ మీద అడాప్టరుతో ఆరు బోల్టుల డిస్క్ పెట్టొచ్చు, ఆరు బోల్టుల హబ్ మీద సెంటర్ లాక్ డిస్క్ పెట్టలేం. రోడ్ బైకుకు సెంటర్ లాక్ తీసుకోండి. ముందు 12 మి.మీ. యాక్సిల్ ఉన్న చాలా హబ్‌లకు క్యాసెట్ విప్పే పరికరంతోనే ఆ లాక్‌రింగ్ ఊడుతుంది. 15 మి.మీ. అయితే బయటి పళ్ళున్న పెద్ద లాక్‌రింగ్, దానికి బాటమ్ బ్రాకెట్ పానా కావాలి.

ఎన్ని రంధ్రాలు?

రిమ్‌లో ఎన్ని రంధ్రాలుంటే హబ్‌లో అన్నే ఉండాలి. 28 రంధ్రాల హబ్ కొన్నాక నచ్చిన రిమ్ 24లోనే దొరుకుతుందని తెలిస్తే ఏమీ చేయలేరు. అందుకే డబ్బు కట్టేముందు హబ్, రిమ్ రెండూ ఒకే సంఖ్యలో స్టాకులో ఉన్నాయో లేదో చూసుకోండి.

అల్యూమినియం రిమ్, డిస్క్ బ్రేకు అనుకుంటే మా లెక్క ఇది: 70 కిలోల లోపు వాళ్ళకు ముందూ వెనకా 24 చాలు. 70 నుంచి 90 దాకా 28. 90 దాటినా, బ్యాగులు కట్టుకుని దూరం వెళ్ళినా వెనక 32. రిమ్ బ్రేకు బండికి ముందు చక్రంలో ఒక మెట్టు తగ్గించుకోవచ్చు, ఎందుకంటే అక్కడ బ్రేకు బలం హబ్ మీదుగా పోదు. డిస్క్ బండిలో అలా తగ్గించకండి. బ్రేకు పట్టిన ప్రతిసారీ ఆ మెలి హబ్ నుంచి రిమ్‌కు స్పోకుల గుండానే పోతుంది.

నాలుగు స్పోకులు ఎక్కువ పెడితే పెరిగే బరువు 20, 25 గ్రాములు. అర్ధరాత్రి ఊరికి 80 కిలోమీటర్ల దూరంలో ఒక పుల్ల తెగినా, 32 పుల్లల చక్రం బ్రేకుకు కాస్త రాసుకుంటూనే ఇంటికి చేరుస్తుంది. 20 పుల్లల చక్రం అయితే ఫ్రేముకు తగిలి ఆగిపోవచ్చు.

ఫ్లాంజి కొలతలు: చక్రం గట్టితనం తేలేది ఇక్కడే

స్పోకుల రంధ్రాలుండే పళ్ళెంలాంటి అంచే ఫ్లాంజి. హబ్ నడిమి గీత నుంచి ఒక్కో ఫ్లాంజి ఎంత దూరంలో ఉందో తయారీదారు పట్టికలో ఇస్తాడు. బరువు చూసే ముందు ఈ రెండు అంకెలు చూడండి.

వెనక చక్రంలో క్యాసెట్ చోటు ఆక్రమించడం వల్ల కుడి ఫ్లాంజి నడిమికి దగ్గరగా వస్తుంది. కుడి స్పోకులు దాదాపు నిటారుగా నిలబడితే ఎడమవి బాగా ఏటవాలుగా ఉంటాయి. రిమ్ నడిమిన నిలవాలంటే రెండు వైపులా అడ్డంగా లాగే బలం సమానం కావాలి. నిటారుగా ఉన్న కుడివైపును గట్టిగా లాగాలి, ఎడమవైపును వదులుగా ఉంచాలి. రెండు వైపులా స్పోకుల సంఖ్య ఒకటే అయితే, ఎడమ బిగువు కుడి బిగువులో ఎంత వంతు ఉంటుందన్నది దాదాపుగా కుడి దూరాన్ని ఎడమ దూరంతో భాగిస్తే వస్తుంది.

ఒక హబ్‌లో కుడి 16.5 మి.మీ., ఎడమ 38 మి.మీ. అనుకోండి. 16.5ను 38తో భాగిస్తే 43 శాతం. కుడివైపు 120 కిలోల బిగువు పెడితే ఎడమకు మిగిలేది 52 కిలోలు. ఇంకో హబ్‌లో కుడి 18.5, ఎడమ 34. అంటే 54 శాతం, ఎడమ బిగువు 65 కిలోలు. చూడ్డానికి కుడివైపు తేడా రెండు మి.మీ. మాత్రమే. కానీ మొదటి చక్రంలో గుంత తగిలిన ప్రతిసారీ కింద ఉన్న ఎడమ స్పోకు దాదాపు సడలిపోయి మళ్ళీ బిగుస్తుంది. అలా వేల సార్లు జరిగితే నిపుల్ (స్పోకును రిమ్‌లో బిగించే చిన్న నట్టు) కొద్దికొద్దిగా తిరిగి వదులవుతుంది, మెడ వంపు దగ్గర లోహం అలిసి తెగుతుంది. వెనక చక్రంలో బిగువు తక్కువున్న ఎడమవైపు స్పోకులు తెగడానికి కారణం ఇదే. "పోయిన నెలే బెండు తీయించాను, మళ్ళీ వచ్చింది" అనేవాళ్ళ చక్రాల్లో మెకానిక్కు తప్పు లేకుండానే ఈ లోపం ఉంటుంది.

ఎడమ ఫ్లాంజి ఎంత దూరంగా ఉంటే అంత గట్టి చక్రమని కొందరు చెబుతారు. పక్కకు ఊగకుండా ఉండటానికి అది నిజమే. కానీ దూరం పెరిగేకొద్దీ ఎడమ బిగువు పడిపోతుంది. అందుకని కుడి అంకె పెద్దగా ఉన్న హబ్‌లను ముందు వేరు చేసి, వాటిలో ఎడమ అంకె మరీ పెద్దది కానిదాన్ని ఎంచుకోండి. 11 గేర్ల రోడ్ హబ్‌లలో కుడి అంకె సాధారణంగా 16కూ 19కీ మధ్య ఉంటుంది. 18 దాటితే మంచిది, 16.5 కన్నా తక్కువైతే మానుకోండి.

రిమ్ నుంచి కూడా సాయం తీసుకోవచ్చు. రంధ్రాలు నడిమిన కాకుండా పక్కకు జరిపిన రిమ్‌లు దొరుకుతాయి. 2.5 మి.మీ. జరిపిన రిమ్‌ను రంధ్రాలు ఎడమవైపుకు వచ్చేలా కడితే, పై రెండో హబ్‌లో కుడి దూరం 21, ఎడమ 31.5 అవుతుంది. 67 శాతం, అంటే ఎడమ బిగువు 80 కిలోలు. అదే రిమ్‌ను తిరగేసి కడితే ఉన్నది కూడా పోతుంది. ముందు డిస్క్ చక్రంలో చోటు ఆక్రమించేది డిస్క్ కాబట్టి ఎడమ ఫ్లాంజి లోపలికి వస్తుంది. అక్కడ రంధ్రాలు కుడివైపుకు రావాలి. ఈ దిశ కట్టేవాడికి చెప్పడమే కాదు, కాగితం మీద రాసి ఇవ్వండి. కుడి బిగువు ఎంత పెట్టాలన్నది రిమ్ తయారీదారు చెప్పిన గరిష్ఠాన్ని బట్టే, చాలా రిమ్‌లకు అది 110 నుంచి 130 కిలోల మధ్య ఉంటుంది.

వంపు స్పోకులా, నేరు స్పోకులా?

తలకాయ దగ్గర వంపు ఉండేవి మామూలు స్పోకులు, వాటినే జె-బెండ్ అంటారు. వంపు లేనివి స్ట్రెయిట్ పుల్. కట్టించుకునే చక్రానికి జె-బెండ్ హబ్ తీసుకోండి. కావలసిన పొడవు సులువుగా దొరుకుతుంది, అల్లిక ఎలా ఉండాలో మీరే నిర్ణయించుకోవచ్చు. స్ట్రెయిట్ పుల్ హబ్‌లో అల్లికను హబ్ చేసినవాడే తేల్చేస్తాడు. బిగించేటప్పుడు స్పోకు తనతో పాటు తిరిగిపోతుంది, పట్టుకునే పరికరం లేకపోతే బెండు తీయడం నరకం. పొడవు లెక్కకు కూడా తయారీదారు ఇచ్చిన అంకెలే దిక్కు.

రంధ్రం సైజు కూడా చూడండి. 2.0 మి.మీ. స్పోకుకు 2.4 నుంచి 2.6 మి.మీ. రంధ్రం సరిపోతుంది. సన్నని చదును స్పోకులు ఇందులోంచి దూరతాయి. మూడు మి.మీ. దరిదాపు వెడల్పున్నవి మాత్రం గాటు పెట్టిన హబ్‌లోనే దూరతాయి. మామూలు హబ్‌కు మీరు గాటు పెట్టించకండి, ఫ్లాంజి అక్కడే పగులుతుంది.

లోపల ఏముంది: పాల్స్, రాట్చెట్

తొక్కినప్పుడు పట్టి, ఆపినప్పుడు వదిలేసే ఏర్పాటు రెండు రకాలు. ఒకటి కొక్కేల్లాంటి పాల్స్. స్ప్రింగు వాటిని బయటికి తోస్తే, అవి చుట్టూ ఉన్న పళ్ళలో పడతాయి. ఇంగ్లండ్‌లోని బార్నల్డ్స్‌విక్‌లో తయారయ్యే హోప్ హబ్‌లు, తైవాన్ బిటెక్స్, నోవాటెక్ హబ్‌లు ఈ రకం. రెండోది ఎదురెదురుగా నిలిచే రెండు పళ్ళ చక్రాలు. డీటీ స్విస్ స్టార్ రాట్చెట్ ఇదే. ఇందులో పళ్ళన్నీ ఒకేసారి పట్టుకుంటాయి, అందుకే బరువైన వాళ్ళకు, బలంగా తొక్కేవాళ్ళకు ఇది నమ్మకమైనది.

ఎన్ని పళ్ళుంటే అంత మంచిదని ప్రకటనలు చెబుతాయి. లెక్క వేసి చూడండి. 36 పళ్ళ రాట్చెట్ 10 డిగ్రీలకోసారి పడుతుంది, 18 పళ్ళది 20 డిగ్రీలకు, 54 పళ్ళది దాదాపు ఆరు ముప్పావు డిగ్రీలకు. ముందు 50, వెనక 15 పళ్ళ మీద వెళ్తున్నప్పుడు ఆ 10 డిగ్రీలు పెడల్ దగ్గరికొచ్చేసరికి మూడే డిగ్రీలు. 170 మి.మీ. క్రాంకు మీద అది 9 మి.మీ. కదలిక, కాలికి తెలియను కూడా తెలియదు. ముందు 34, వెనక 34తో ఘాట్ ఎక్కుతున్నప్పుడు మాత్రం పూర్తి 10 డిగ్రీలు, అంటే 3 సెంటీమీటర్లు. 18 పళ్ళదైతే 6 సెంటీమీటర్లు, ఇది తెలుస్తుంది. రోడ్ బైకుకు 36 చక్కగా చాలు. పళ్ళు పెరిగేకొద్దీ ఒక్కొక్కటీ చిన్నదవుతుంది, మట్టిని, తప్పు గ్రీజును అంతగా ఓర్చుకోదు.

గ్రీజు సంగతి ఇక్కడే చెప్పాలి. బేరింగుకు వాడే చిక్కటి గ్రీజును పాల్స్ మీద పూస్తే అవి అతుక్కుని పైకి లేవవు. తొక్కుతుంటే ఒక్కసారిగా పెడల్ జారుతుంది, నిలబడి తొక్కుతున్నప్పుడైతే మనిషి హ్యాండిల్ మీద పడతాడు. తయారీదారు చెప్పిన పల్చటి ఫ్రీహబ్ గ్రీజునే పలచగా పూయండి.

చప్పుడు బాగా వచ్చే హబ్ మంచిదన్న మాటలో పస లేదు. గ్రీజు తీసేస్తే ఏ హబ్బయినా అరుస్తుంది.

అల్యూమినియం బాడీకి పడే కాట్లు

చాలా తేలిక హబ్‌లలో ఫ్రీహబ్ బాడీ అల్యూమినియంతో చేస్తారు. క్యాసెట్ పళ్ళ చక్రాలు స్టీలువి. 105 స్థాయి క్యాసెట్లలో చిన్న పళ్ళ చక్రాలు విడివిడిగా ఉంటాయి. తొక్కే బలం ఒక్కో సన్నని అంచు మీద పడి, అది మెత్తటి అల్యూమినియంలోకి దిగుతుంది. ఏడాదికి విప్పి చూస్తే గాళ్ళ అంచున వరసగా కాట్లు కనిపిస్తాయి, ఒక్కోసారి క్యాసెట్ బయటికే రాదు. అప్పుడు రెండు చైను విప్‌లతో (చైను ముక్కతో పళ్ళ చక్రాన్ని పట్టే పిడులు) వెనక్కి తిప్పి వదులు చేసి లాగాలి, లేచిన అంచును సన్నని ఆకురాయితో రాయాలి.

దీనికి మందు కొనేటప్పుడే ఉంది. బిటెక్స్ హబ్‌లలో ఒక గాడి అంచుకు స్టీలు ముక్క పొదుగుతారు. అమెరికాలోని వైట్ ఇండస్ట్రీస్ టీ11లో బాడీ టైటానియం. షిమానో హబ్‌లలో స్టీలు బాడీ ఉన్నవీ ఉన్నాయి, కాస్త బరువు, కానీ ఈ బాధ లేదు. అల్యూమినియం బాడీయే తీసుకుంటే కింది పెద్ద పళ్ళ చక్రాలన్నీ ఒకే అల్యూమినియం చట్రానికి (స్పైడర్) అతికి ఉండే క్యాసెట్ వాడండి, లాక్‌రింగ్‌ను తప్పనిసరిగా 40 న్యూటన్ మీటర్లకు బిగించండి. వదులు లాక్‌రింగ్ కాట్లను రెట్టింపు చేస్తుంది.

బేరింగులు

షిమానో మామూలు హబ్‌లలో కప్పు, కోను, మధ్యలో విడి గోళీలు. సరిగా సర్దితే వీటంత మెత్తగా తిరిగేవి తక్కువ. పల్చటి కోను పానాలు కావాలి, ఏడాదికోసారి విప్పి గ్రీజు మార్చాలి. క్విక్ రిలీజ్ రకంలో కోనును బిగించేటప్పుడు చేతికి కొంచెం ఆట తెలిసేలా వదలాలి. క్విక్ రిలీజ్ మూసినప్పుడు ఇరుసు నొక్కుకుని ఆ ఆట పోతుంది. ముందే ఆట లేకుండా బిగిస్తే బండిలో పెట్టాక గోళీలు నలిగి కోను మీద గుంటలు పడతాయి. కోను మార్చొచ్చు. కప్పు హబ్‌లో భాగం, అది గుంటలు పడిందంటే హబ్ పోయినట్టే. వానలో నడిపి, విప్పకుండా వదిలేసే అలవాటు ఉన్నవాళ్ళు ఈ రకం కొనకండి.

మిగతా హబ్‌లన్నిట్లో దాదాపుగా సీల్డ్ కార్ట్రిడ్జ్ బేరింగులే. వాటి మీద నంబరు రాసి ఉంటుంది. కొనేముందు ఆ హబ్‌లో ఏ నంబర్లు పడతాయో కనుక్కోండి. 6902 అంటే లోపల 15, బయట 28, మందం 7 మి.మీ. 6802 అంటే 15, 24, 5. 6903 అయితే 17, 30, 7. ఇవన్నీ ఇతర యంత్రాల్లో కూడా వాడే సైజులు. సికింద్రాబాద్ రాణిగంజ్ బేరింగు దుకాణాల్లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఎస్‌కేఎఫ్, ఎన్‌టీఎన్ లాంటి కంపెనీలవి అడిగి చూడొచ్చు. ఎస్‌కేఎఫ్ వాళ్ళు 6902ను 61902 అని రాస్తారు, రెండూ ఒకటే. రెండు పక్కలా రబ్బరు మూత ఉన్న 2ఆర్ఎస్ రకమే తీసుకోండి. రేకు మూతది మన వానలకు నిలవదు. 15267 లాంటి సైకిలు హబ్‌ల కోసమే వచ్చే సైజులు మామూలు దుకాణంలో దొరకడం కష్టం, అలాంటి హబ్ కొంటే ఒక జత అదనంగా తెప్పించి పెట్టుకోండి.

మందం 5 మి.మీ. బేరింగులో గోళీలు చిన్నవి. బరువు తగ్గించడానికి వెనక హబ్‌లో కూడా వాటినే వాడే తయారీదారులున్నారు. వెనక డ్రైవ్ వైపు 7 మి.మీ. మందం ఉన్నదాన్ని ఎంచుకుంటే ఎక్కువ కాలం వస్తుంది. సిరామిక్ బేరింగులకు డబ్బు పెట్టకండి. అదే డబ్బుకు మామూలు బేరింగులు చాలాసార్లు మార్చుకోవచ్చు.

ఎండ్ క్యాప్ ఎలా ఊడుతుందో చూడండి. డీటీ స్విస్ 350లో క్యాప్‌ను చేత్తో లాగితే వస్తుంది, ఆ వెనకే ఫ్రీహబ్ బాడీ, రాట్చెట్లు, స్ప్రింగులు వస్తాయి. వాన తర్వాత పది నిమిషాల్లో తుడిచి పూసి పెట్టేయొచ్చు. ప్రత్యేక పరికరాలు అడిగే హబ్ అయితే ఆ పని వాయిదా పడుతూనే ఉంటుంది. ఇక కార్ల వాషింగ్ సెంటర్లో ప్రెషర్ నీళ్ళు హబ్ పక్క నుంచి కొట్టిస్తే ఎంత మంచి సీలూ ఆగదు.

బ్రెవేలు తొక్కేవారికి

బ్రెవేలంటే గడువులోపు ముగించాల్సిన దూర ప్రయాణాలు. 300 కి.మీ.కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు గడువు. రాత్రి తొక్కక తప్పదు. ముందు చక్రం కొత్తగా కట్టిస్తున్నప్పుడే డైనమో హబ్ (తిరుగుతూ లైటుకు కరెంటు ఇచ్చేది) గురించి ఆలోచించండి. జర్మనీ సాన్, తైవాన్ షటర్ ప్రెసిషన్, షిమానో ఇస్తాయి, 6 వోల్టులు, 3 వాట్లు. బరువు 400 గ్రాముల చుట్టుపక్కల. 12×100 డిస్క్ రకం అని స్పష్టంగా రాసి ఆర్డరు చేయండి, క్విక్ రిలీజ్‌ది తర్వాత మారదు. 28 లేదా 32 రంధ్రాలు తీసుకోండి. దీని బేరింగులు ఇంట్లో విప్పేవి కావు.

హబ్ చేతికొచ్చాక, స్పోకులు ఆర్డరు పెట్టే ముందు

పట్టికలోని అంకెలను నమ్మి స్పోకులు కొనకండి. ఒకే పేరున్న హబ్‌లో రెండు తరాల మధ్య ఫ్లాంజి మారిన సందర్భాలున్నాయి.

ఫ్లాంజిలో ఒక రంధ్రం లోపలి అంచు నుంచి ఎదురుగా ఉన్న రంధ్రం లోపలి అంచుకు వెర్నియర్‌తో కొలిచి, ఒక రంధ్రం వ్యాసం కలపండి. అది పీసీడీ, అంటే రంధ్రాల మధ్యల గుండా పోయే వృత్తం వ్యాసం. తర్వాత హబ్ కుడి చివరి అంచు నుంచి కుడి ఫ్లాంజి మందం మధ్యకు కొలవండి. 142 హబ్‌లో సగం 71. కొలత 52.5 వస్తే 71లోంచి తీసేస్తే కుడి దూరం 18.5. ఎడమకూ ఇంతే. ఫ్రీహబ్, ఎండ్ క్యాప్ పూర్తిగా కూర్చున్నాయో లేదో చూసి కొలవండి, క్యాప్ ఒక మి.మీ. లేచి ఉన్నా లెక్క తప్పుతుంది.

ఈ అంకెలతో పాటు రిమ్ ఈఆర్‌డీని (స్పోకు చివర్లు ఆగే చోట రిమ్ వ్యాసం) స్పోకు కాలిక్యులేటరులో వేయండి. ఉదాహరణకు ఈఆర్‌డీ 594, 28 రంధ్రాలు, రెండు క్రాసుల అల్లిక (ఒక్కో స్పోకు రెండు స్పోకులను దాటుతుంది). కుడి పీసీడీ 49, దూరం 17.5 అయితే స్పోకు 281.6 మి.మీ. వస్తుంది. ఎడమ పీసీడీ 44, దూరం 36.5 అయితే 284.8. రెండు వైపులా 3 మి.మీ. తేడా. ఒకే పొడవు కొనేస్తే ఒక పక్క మర చాలదు, ఇంకో పక్క స్పోకు నిపుల్ దాటి పొడుచుకొస్తుంది. అల్లిక విషయానికొస్తే 24 రంధ్రాలకు రెండు క్రాసులు, 28కి రెండు లేదా మూడు, 32కు మూడు. 24కు మూడు పెడితే స్పోకు పక్క స్పోకు తల మీదుగా పోతుంది. క్రాసు లేకుండా నేరుగా కట్టే రేడియల్ అల్లిక, హబ్ తయారీదారు ఒప్పుకుంటేనే, అదీ రిమ్ బ్రేకు ముందు చక్రానికే. లేదంటే ఫ్లాంజి అంచు చీలి బయటికొస్తుంది. డిస్క్ చక్రాల్లో ఏ వైపునా రేడియల్ వద్దు.

పాత హబ్‌నే మళ్ళీ కట్టిస్తుంటే రంధ్రాల పక్కన పాత స్పోకులు ఒత్తిన గీతలు చూడండి. కొత్త స్పోకులు కూడా అదే దిశలో, అదే గీతల్లో పడేలా అల్లమని చెప్పండి. ఎదురుగా అల్లితే పాత గీత దగ్గర ఫ్లాంజి బలహీనపడుతుంది. గీతల చుట్టూ వెంట్రుకంత పగులు కనిపించినా ఆ హబ్ మీద చక్రం కట్టించకండి.

చివరగా హబ్‌ను చేతిలో పట్టుకుని ఇరుసును వేళ్ళతో నెమ్మదిగా తిప్పండి. గరుకుగా తగిలినా, ఎక్కడైనా పట్టి వదిలినట్టున్నా చక్రం కట్టకముందే వెనక్కి పంపండి, స్పోకులు ఎక్కాక ఎవరూ తీసుకోరు. బేరింగుల నంబర్లు, పీసీడీ, రెండు వైపుల దూరాలు, కొన్న స్పోకుల పొడవులు ఒక కాగితం మీద రాసి ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. స్పోకులు కొనేటప్పుడు ఒక్కో పొడవులో రెండేసి అదనంగా తీసుకుని, టేపుతో కట్టి సీటు పోస్టులో దాచండి.